గుండీ పగడాల రాయి

ఆ చప్పుడు మా ఇంట్లో మొదట విన్నది నాన్న. మధ్యాహ్నం భోజనం చేసి హాల్లో దివాన్ మీద నడుం వాల్చాడు. మే నెల. బయట వడగాలి కొడుతుంటే తలుపులూ కిటికీలూ మూసి ఏసీ వేసుకున్నాం. నేను షాపు నుంచి భోజనానికొచ్చి చేతులు కడుక్కుంటున్నాను.

"ఒరేయ్, గాజు బీటలిస్తోందిరా," అన్నాడు లేచి కూర్చుని.

నేను తడి చేతులతోనే పరిగెత్తాను. హాల్లో గోడ పొడవునా చేపలూ పగడాలూ పెంచే నాలుగడుగుల సముద్రపు నీళ్ళ ట్యాంకు ఉంది. మాది మూడో అంతస్తు. ఆ నీళ్ళన్నీ ఒక్కసారి బయటికొస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు ఊహించుకుని భయపడ్డవాణ్ణే. నాలుగు మూలలూ వేలితో తడిమి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కాసేపటికి నాకూ వినిపించింది. టక్. ఒక్కటే దెబ్బ, లోపలి నుంచి ఎవరో గోరుతో గాజు మీద కొట్టినట్టు.

"బీట కాదు నాన్నా. లోపల ఏదో ఉంది," అన్నాను.

నాకు విజయవాడ వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ షాపుంది. నాన్న మంగళగిరిలో ముప్ఫై ఏళ్ళకు పైగా నూలుకు రంగులు వేసినవాడు. అమ్మ పోయాక మా దగ్గరకు వచ్చేశాడు గానీ చేతులు ఊరుకోవు. వారానికి రెండు రోజులు బస్సెక్కి పాత మిత్రుడి రంగుల షెడ్డుకు వెళ్ళి పనిచేసి వచ్చేవాడు. అందుకే ఆయన గోళ్ళు ఎప్పుడూ కాస్త నీలంగా ఉండేవి.

నాకు ఏ వ్యసనమూ లేదని మా ఆవిడ అందరికీ చెప్పుకునేది. ఆ ట్యాంకు కొన్నాక ఆ మాట మానేసింది. మన ఊళ్ళో మే నెలలో ఇరవై ఆరు డిగ్రీల సముద్రాన్ని నిలబెట్టడమంటే మామూలు సంగతి కాదు. నీళ్ళు చల్లబరచడానికి ఒక చిల్లర్, కరెంటు పోతే ఇన్వర్టరు, ఫిల్టరు నీళ్ళలో కొలిచి కలిపే ఉప్పు. రెండు గంటలు ఏది ఆగినా పగడాలు ముడుచుకుపోతాయి. పెళ్ళిళ్ళకు వెళ్ళినా నేను భోజనం కాగానే ఇంటికి బయల్దేరేవాణ్ణి.

అందులో ఆరు రొయ్యలుండేవి. ఎర్రటి ఒళ్ళు, వీపు మీద తలనుంచి తోకదాకా తెల్ల చార, ఒంటికి మించిన పొడుగు మీసాలు. చేపల ఒంటి మీది మురికి తినే జాతి. చెయ్యి నీళ్ళలో పెడితే వచ్చి వేళ్ళ మీదెక్కి గోళ్ళ సందుల్లో ఏరుకునేవి. నాన్న రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని, చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి, అరగంట అలా ఉంచేవాడు. "రంగు వదిలిస్తున్నాయిరా ఇవి," అని పిల్లలతో అనేవాడు.

ఆయనకు ఇంకా ఇష్టమైనది ఒక రాయి. దాని నిండా చొక్కా గుండీలంత పగడాలు, పక్కపక్కనే కుట్టినట్టు. మధ్యలో నారింజ రంగు, చుట్టూ చిలకపచ్చ అంచు. అలాంటి పచ్చ తన కాగుల్లో ఎప్పుడూ రాలేదని నాన్న చెప్పేవాడు. ఆ రాయి వేరే ఊరి నుంచి రైల్లో థర్మాకోల్ పెట్టెలో వచ్చింది. అమ్మినతనితో ఫోన్‌లో మాటలే తప్ప నాకు ముఖపరిచయం లేదు.

"వీటిని జోవాలంటారు సార్. కొత్తవాళ్ళకి ఇవే మంచివి. చావమన్నా చావవు," అన్నాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "బిల్లు మాత్రం అడక్కండి," అన్నాడు.

సముద్రంలోంచి పగడాలు తీయకూడదని చట్టముందని నాకు తెలుసు. ఇవి ఎక్కడివని నేను అడగలేదు. అడిగితే వద్దనుకోవాల్సి వస్తుందని అడగలేదు.

ఆ రాయి వచ్చిన రెండు నెలలకు చప్పుడు మొదలైంది. చప్పుడు మొదలైన వారానికి ఆరు రొయ్యలు ఐదయ్యాయి. తర్వాత నాలుగు. ఇసుక మీద ఎర్రటి పొట్టు కనిపిస్తే, పొట్టు విడిచాయిలే, ఎక్కడో దాక్కుని ఉంటాయి అనుకున్నాను. రొయ్య పెరిగేటప్పుడు పాత పొట్టు వదిలి, కొత్తది గట్టిపడేదాకా దాక్కోవడం మామూలే. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. చెయ్యి నీళ్ళలో పెట్టడం మానేశాడు. కుర్చీ కూడా ట్యాంకుకు దూరంగా జరిపాడు.

"అది మనల్ని చూస్తోందిరా," అన్నాడు ఒకరోజు.

నేను నవ్వాను. కానీ ఆ సాయంత్రం నుంచి ట్యాంకు ముందు నిలబడ్డప్పుడల్లా నాకూ వీపు మీద ఏదో పాకినట్టుండేది.

ఆ శనివారం మా బావమరిది వచ్చాడు. అతనికి నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్నాయి. మా పిల్లల్ని సెలవులకు తమ ఊరు తీసుకెళ్ళి దింపి, విజయవాడలో ఏదో పనుండి మా ఇంట్లో దిగాడు. ట్యాంకు చూసినప్పుడల్లా, "రొయ్యకి ఏసీ పెట్టినోణ్ణి నిన్నొక్కణ్ణే చూశా బావా," అని ఎగతాళి చేసేవాడు. ఆ రోజు ఇసుక మీది పొట్టును వలతో తీసి అరచేతిలో పెట్టి చూపించగానే ఎగతాళి ఆపేశాడు.

"ఇది పొట్టు విడిచింది కాదు బావా. విడిస్తే లోపల ఖాళీగా ఉండిద్ది. దీంట్లో మాంసం చూడు. తల పగలగొట్టి తిన్నది ఏదో."

ఫోన్ లైటు వేసి రాళ్ళ సందులన్నీ వెతికాడు. గుండీ పగడాల రాయి అడుగున నా బొటనవేలు పట్టేంత బొక్క ఉంది. అందులో కాడల మీద రెండు కళ్ళు. ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతున్నాయి. ఒక కన్ను లైటు మీద ఆగింది. రెండోది వచ్చి నా మీద ఆగింది.

"మాంటిస్ రొయ్య," అన్నాడు బావమరిది. "సముద్రంలో వలల్లో పడిద్ది. చెయ్యి పెట్టబాకు, వేలు చీరేసిద్ది. మీకు వినపడే చప్పుడు దాని దెబ్బే. ఆ రాయితోనే వచ్చుంటది."

"ఎలా తీయడం?"

"మా చెరువైతే ఎండగట్టి బ్లీచింగ్ కొడతాం. నువ్వు ఆ రాయి ఒక్కటీ బయటికి తీసి వేణ్ణీళ్ళు పొయ్యి. లోపల ఏదున్నా చస్తది."

నాన్న దివాన్ మీద నుంచే అడిగాడు. "ఆ రంగులు కూడా పోతాయి కదరా?"

"మిగతా రాళ్ళ మీదకి, వెనక గాజు మీదకి కూడా పాకాయి నాన్నా. ఇదొక్కటి పోతే ఏం?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆదివారం. బావమరిది పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను రాయిని బకెట్లోకి దింపి వంటింటి పక్క వాష్ ఏరియాలోకి తెచ్చాను. తీసేటప్పుడు వేళ్ళ కణుపులు గీసుకుని కొంచెం రక్తం వచ్చింది. నాన్న కోసం ఒక నాలుగు గుండీలైనా దక్కించుకుందామని పాత చాకుతో గీకాను గానీ ఒక్కటీ సరిగా ఊడి రాలేదు. అవి ముడుచుకుంటూ నీళ్ళు చిమ్మాయి. ఒక చుక్క చెంప మీద పడితే భుజంతో తుడుచుకున్నాను. మా ఆవిడ గుండిగలో మరుగుతున్న నీళ్ళు తెచ్చింది. వడగాలి రాకుండా అద్దాలు మూసి ఉన్నాయి. హాల్లో ఏసీ నడుస్తోంది.

నీళ్ళు పోశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. పాత వల వాసన, దాని వెనక సన్నగా ఏదో చేదు. నాన్న వచ్చి బకెట్ మీదకు వంగాడు.

"జరుగు నాన్నా, ఆవిరి."

"ముప్ఫై ఏళ్ళు కాగుల మీద వంగినవాణ్ణిరా. ఈ ఆవిరి నన్నేం చేస్తుంది?" అంటూ మరింత వంగి చూశాడు.

నమ్మకం కుదరక ఇంకో గుండిగ కూడా పోశాను. అప్పుడు బయటికొచ్చింది. నా బొటనవేలంత పొడుగు, ముదురాకుపచ్చ, ముందు రెండు కాళ్ళు మడిచి పట్టుకుని. చచ్చిపోయింది. ముగ్గురం చుట్టూ నిలబడి చూశాం. నేను ఫొటో తీసి రాయి అమ్మినతనికి పంపాను. 'మీ రాయితో వచ్చిన అతిథి' అని కింద రాశాను. బకెట్ అక్కడే వదిలేసి టిఫిన్‌కు కూర్చున్నాం.

"ఇడ్లీ చేదుగా ఉందేంటమ్మా?" అన్నాడు నాన్న.

మా ఆవిడ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "నాకూ అలాగే ఉంది మావయ్యా. రాగి చెంబు నాకినట్టు. పిండి నిన్నటిదేగా!" నేను తిన్నాను. నాకూ అంతే. చట్నీలో అల్లం పాడై ఉంటుందనుకున్నాం. ముగ్గురి నోళ్ళలో ఒకేసారి ఒకే రుచి ఎందుకొచ్చిందని ఒక్కరం కూడా ఆలోచించలేదు.

గంట గడవకముందే నాన్న దుప్పటి అడిగాడు. మే నెలలో పళ్ళు టకటకలాడేలా వణికాడు. వడదెబ్బేమో అన్నాను. "నాల్రోజుల్నించీ గడప దాటని మనిషికి వడదెబ్బేంటండీ?" అంది మా ఆవిడ. తర్వాత దగ్గు పట్టుకుంది. ఒక్కో దగ్గుకూ మధ్య ఊపిరి లోపలికి పోవడం లేదు. ఎందుకో ఆయన చేతి వేళ్ళు చూశాను. నీలం. అవెప్పుడూ నీలమే కదా అనుకున్నాను. పెదాలు చూసేదాకా నాకు అర్థం కాలేదు.

మా ఆవిడకూ తలనొప్పి, ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. "నేను కాసేపు పడుకుంటా. మీరు మావయ్యని తీసుకెళ్ళండి, ఆలస్యం చేయొద్దు," అంది. ఏసీ ఉన్న గదిలోనే పడుకోమని చెప్పి, బయటి తలుపు తాళం పడేలా లాగి, నాన్నను ఆటో ఎక్కించాను. అప్పటికి అదే మంచిదనుకున్నాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఇంట్లో ఏవైనా స్ప్రేలు కొట్టారా? యాసిడ్‌తో బాత్రూమ్ కడిగారా? ఏదైనా కాల్చారా?"

"లేదండీ. ఏం చేయలేదు."

"మీరు బాగానే ఉన్నారా? చెమటలు పడుతున్నాయి మీకు."

"కంగారుగా ఉంది, అంతేనండీ."

రాయి సంగతి నోటిదాకా వచ్చింది. వేడినీళ్ళు వేడినీళ్ళే కదా, చెప్పడానికేముంది అనుకున్నాను. ఇప్పటివరకు ఆ డాక్టరమ్మకు తప్ప ఎవరికి చెప్పినా ఇక్కడిదాకా చెప్పి ఆగేవాణ్ణి. రెండో కారణం కూడా ఉంది. ఆ రాయికి బిల్లు లేదు. ఆసుపత్రిలో చెబితే కాగితం మీదకు ఎక్కుతుంది. నాన్న ముఖానికి మాస్కు పెట్టి ఉండగా నేను ఆ లెక్క కూడా వేసుకున్నాను.

అరగంటకు ఫోన్ మోగింది. రాయి అమ్మినతను.

"సార్, ఫొటో ఇప్పుడే చూశా. దాన్ని ఎలా తీశారు?"

"రాయి మీద వేడినీళ్ళు పోశాను."

అతను గొంతు పెంచాడు.

"సార్, ఆ జోవాల్లో విషం ఉంటుంది. మామూలుగా ఏం చేయదు. వేడి చేస్తే ఆవిరిలో కలుస్తుంది. కిటికీలు తెరిచారా? ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

ఫోన్ పెట్టేసి మా ఆవిడకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ. వాచ్‌మన్‌కు చేసి తలుపు కొట్టమన్నాను. తీయడం లేదండీ అన్నాడు. నర్సుకు నాన్నను అప్పగించి మెట్ల మీద పరిగెత్తాను. నా కాళ్ళు కూడా అప్పటికే నా మాట వినడం లేదు.

ఆటోలో ఆమెకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం, బందరు రోడ్డు ఖాళీగా ఉంది. అయినా ప్రతి సిగ్నలూ ఎర్రగానే కనపడింది. మనసులో బకెట్ ఒక్కటే. మూత లేని బకెట్, మూసిన ఇల్లు, తిరుగుతున్న ఏసీ. నేనే తలుపేసి వచ్చాను.

జేబురుమాలు ముక్కుకు కట్టుకుని నా తాళంచెవితో తలుపు తీశాను. ఆమె వంటింట్లో ఫ్రిజ్‌కు ఆనుకుని కింద కూర్చుని ఉంది. చీర మీద వాంతి. ఫోన్ ఒళ్ళో వెలుగుతోంది. కళ్ళెత్తి చూసింది.

"మోగుతోందండీ... చెయ్యి లేవట్లేదు," అంది.

వాచ్‌మనూ నేనూ కలిసి ఆమెను బాల్కనీలోకి ఈడ్చాం. బకెట్‌కు మూత పెట్టి కిటికీలన్నీ తెరిచాను. వడగాలి ఒక్కసారిగా ఇంట్లోకి కొట్టింది. ఆమెను కిందికి దింపుతుంటే హాల్లో ట్యాంకు ఎప్పటిలాగే వెలుగుతోంది. వెనక గాజు మీది గుండీలన్నీ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి.

ఈసారి డాక్టరమ్మకు అంతా చెప్పాను. బిల్లు సంగతి కూడా. ఆమె కోప్పడలేదు. "ఇందాకే అడిగాను కదండీ," అంది, అంతే. ఆ మాట కన్నా కోప్పడి ఉంటే బాగుండేది. తన ఫోన్‌లో చాలాసేపు చదివింది. అమ్మినతనితో నా ఫోన్‌లోంచే మాట్లాడింది. తర్వాత చెప్పింది, "దీనికి విరుగుడు లేదండీ. ఊపిరితిత్తులు వాటంతటవే కోలుకునేదాకా మనం ఊపిరి నిలబెట్టాలి. మీరు కూడా అడ్మిట్ అవ్వండి."

ముగ్గురం ఒకే అంతస్తులో మూడు మంచాల మీద పడ్డాం. నాకు రెండు రోజులు జ్వరం, గీసుకున్న వేళ్ళు మొద్దుబారడం. మా ఆవిడ నాలుగో రోజుకు లేచి నడిచింది. నాన్నకు పదకొండు రోజులు పట్టింది. అందులో మూడు రోజులు ఆయన ఉంటాడో లేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. బావమరిది విషయం తెలిసి పరిగెత్తుకొచ్చాడు. నాన్న మంచం పక్కన నిలబడి, "నేనే చెప్పా మావయ్యా, వేణ్ణీళ్ళు పొయ్యమని నేనే చెప్పా," అని పెద్దాడై ఉండి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాన్న మాస్కులోంచి చెయ్యూపాడు, ఊరుకోమని.

నాన్న ఇంటికి వచ్చాడు గానీ మునుపటి మనిషి రాలేదు. లిఫ్టు పనిచేయని రోజు రెండో అంతస్తులో కూర్చుండిపోయేవాడు. షెడ్డుకు ఒక్కసారి వెళ్ళాడు. కాగు మూత తీయగానే దగ్గు తెర పట్టుకుంటే, మిత్రుడు ఆయన్ను ఆటోలో ఇంటికి దింపి వెళ్ళాడు. ఆ తర్వాత మంగళగిరి బస్సెక్కలేదు. కొన్ని నెలలకు గోళ్ళు మామూలు రంగుకు వచ్చాయి.

ఇక ట్యాంకు మిగిలింది. దాన్ని ఏం చేయాలో తెలియక మూడు వారాలు అలాగే ఉంచాం. గీకకూడదు, ఎండబెట్టకూడదు, కాలవలో పారేయకూడదు. తిరిగి తీసుకోమంటే అమ్మినతను ముందు, "చూద్దాం సార్," అన్నాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. చంపడానికి భయపడి దాన్ని బతికించుకున్నాం. కరెంటు పోయి ఇన్వర్టరు కూడా అయిపోతే చిల్లర్ ఆగుతుందని, అవి చచ్చి కుళ్ళితే ఏమవుతుందోనని ఇదివరకటికన్నా ఎక్కువ కంగారుపడేవాణ్ణి. పిల్లల్ని అమ్మమ్మ ఊళ్ళోనే ఉంచాం. నేనూ మా ఆవిడా ఆ హాల్లోంచి ఎదుటి గోడవారగా నడిచేవాళ్ళం.

చివరికి బావమరిదే బ్లీచింగ్, మాస్కులు, మోచేతిదాకా తొడుగులు తెచ్చాడు. డాక్టరమ్మను అడిగి, తలుపులన్నీ తెరిచి, రాళ్ళు నీళ్ళలో ఉండగానే కలిపాం. అంతకుముందు మిగిలిన రొయ్యల్ని పట్టాలని చూశాను. మూడు దొరికాయి. నాలుగోది రాళ్ళ వెనక్కు పోయి రాలేదు. చాలాసేపు చూశాను. బావమరిది, "ఇక చాల్లే బావా," అన్నాడు. పోసిన కాసేపటికి అది బయటికొచ్చి ముందు గాజు దగ్గర మీసాలు ఊపింది, తర్వాత పక్కకు ఒరిగింది. గుండీలు ఒక్కొక్కటే మూసుకుని తెల్లబడ్డాయి. దొరికిన మూడింటినీ ట్యాంకు పెంచే తెలిసినాయనకు ఇచ్చాను, జరిగిందంతా చెప్పి మరీ.

ఈ సంగతి రాయాలని నాకు లేదు. కానీ పోయిన నెల నాన్నకు పన్ను నొప్పి వస్తే ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాను. వెయిటింగ్ హాల్లో సముద్రపు ట్యాంకు ఉంది. ముందు కుర్చీల్లో పిల్లలు గాజుకు ముక్కులానించి చూస్తున్నారు. రాళ్ళ నిండా జోవాలు, వంగపండు రంగువి. నాన్న చూశాడు. లేచి బయటికెళ్ళి ఎండలో నిలబడ్డాడు.

నేను రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగాను, ఈ ట్యాంకు ఎవరు చూసుకుంటారని.

"మా డాక్టరు గారేనండీ. ఆయనకు చాలా ఇష్టం. ప్రతి ఆదివారం రాళ్ళు తీసి వేడినీళ్ళలో బ్రష్‌తో స్వయంగా కడుగుతారు. ఈ మధ్య రెండు వారాల్నించి జ్వరం, దగ్గు. అందుకే ఇవాళ లేటు."

ఆయన వచ్చేదాకా అక్కడే ఉంటానని చెప్పి, నాన్నకు నీడలో కుర్చీ వేయించి, తలుపు దగ్గర నిలబడ్డాను.